కంపెనీ చట్టంలో వ్యక్తే కానీ పౌరుడు కాదు

"చట్టం దృష్టిలో కంపెనీ కూడా వ్యక్తే. పన్ను కట్టిన సొమ్మును నచ్చిన పార్టీకి ఎంతైనా, గుట్టుగానైనా ఇచ్చుకునే హక్కు దానికి ఉంది. అమెరికాలో జరిగేదీ అదే." ఎన్నికల బాండ్లను (ఇచ్చినవారి పేరు బయటపడకుండా పార్టీలకు విరాళమిచ్చేందుకు స్టేట్ బ్యాంకు అమ్మిన పత్రాలను) కొట్టేసిన సుప్రీంకోర్టు తీర్పును తప్పుపడుతూ తెగ తిరుగుతున్న ఈ సందేశంలో మొదటి వాక్యం ఒక్కటే నిజం.

ఆస్తి కొనడానికి, ఒప్పందం చేసుకోవడానికి, దావా వేయడానికి కంపెనీకి 'వ్యక్తి' హోదా కావాలి. అయితే అది పౌరుడు కాదని, రాజ్యాంగంలోని 19వ అధికరణం పౌరులకు ఇచ్చిన స్వేచ్ఛలు దానికి వర్తించవని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 1963లోనే తేల్చింది.

ఇక 'నచ్చిన పార్టీ' అంటే ఎవరికి నచ్చిన పార్టీ? విరాళం తీర్మానం చేసేది డైరెక్టర్లు. డబ్బు మాత్రం వాటాదారులందరిదీ, వారిలో అన్ని పార్టీలకూ ఓటేసేవారుంటారు. 2017 వరకు గడచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం మించి ఇవ్వడానికి వీల్లేదు. ఏ పార్టీకి ఎంత ఇచ్చారో లెక్కల్లో చూపాలి కూడా. ఆ ఏడాది ఆర్థిక చట్టం రెండు నిబంధనలనూ ఎత్తేసింది. నష్టాల్లో మునిగిన కంపెనీ సైతం కోట్లు ఇవ్వవచ్చన్నమాట! లాభమే లేని సంస్థ అంత సొమ్ము అభిమానంతో ఇస్తుందని నేను నమ్మలేను. 2024 ఫిబ్రవరి 15న బాండ్లను కొట్టేసిన ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం కూడా, కంపెనీలిచ్చే విరాళాలు ప్రతిఫలం ఆశించి చేసే వ్యాపార లావాదేవీలేనని స్పష్టంగా చెప్పింది.

పేరు బయటపడితే ఎదుటి పార్టీ కక్ష కడుతుంది కాబట్టి గోప్యత కావాలట. బాండ్లను ఎవరు కొన్నారో స్టేట్ బ్యాంకుకు తెలుసు. ఎవరిచ్చారో పుచ్చుకున్న పార్టీకి తెలియకుండా ఆపే మార్గమూ లేదు. మొత్తం 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడైతే, చీకట్లో ఉండిపోయింది ఓటరే.

అమెరికా సంగతి కూడా సందేశంలో తప్పే. అక్కడ కంపెనీలు జాతీయ ఎన్నికల అభ్యర్థులకు నేరుగా విరాళం ఇవ్వడం 1907 నుంచి నిషేధం. 2010లో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పు అనుమతించింది అభ్యర్థులతో సంబంధం లేకుండా విడిగా పెట్టే ప్రచార ఖర్చును. ఆ తీర్పు కూడా 5-4 తేడాతో వచ్చిందే.

బాండ్లు పోయాయి, 7.5 శాతం పరిమితి తిరిగి వచ్చింది. అయినా విరాళానికి నేటికీ డైరెక్టర్ల బోర్డు తీర్మానం చాలు, వాటాదారులను అడగనక్కరలేదు.