కరెంటు సారూ, వెనక బాత్రూమూ

హన్మకొండలో ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. అందరికీ ‘కరెంటు సారే’. అలాగని కరెంటాఫీసు ఉద్యోగీ కారు, లైన్‌మనూ కారు. ఇంట్లో కరెంటు ఎలా ఆదా చేయాలో జనానికి నేర్పడం ఆయన కొలువు. మహిళా సంఘం, బడి, అపార్ట్‌మెంటు సెల్లారు, ఎక్కడ పది కుర్చీలు వేస్తే అక్కడే క్లాసు. చంకలో ఒక చెక్క బోర్డు ఉంటుంది. దాని మీద 60 వాట్ల గుండు బల్బు, 14 వాట్ల సీఎఫ్ఎల్, 9 వాట్ల ఎల్ఈడీ, పక్కన చిన్న వాట్ మీటరు. మూడూ వెలిగించి, గుండు బల్బు దగ్గర చెయ్యి పెట్టి చూడమంటారు. చురుక్కుమనగానే, “చూసిన్రా అమ్మా, వెలుతురు కన్నా వేడికే మీరు ఎక్కువ కడుతున్నరు” అంటారు. ఆ మాటకు చప్పట్లు ఖాయం.

పురోహితులకు మాఘమాసం ఎలాగో, ఈయనకు డిసెంబరు రెండోవారం దాటిన రోజులు అలాగ. 14న జాతీయ ఇంధన పొదుపు దినోత్సవం. అక్కడి నుంచి వారం పాటు రోజుకు మూడు క్లాసులు. ఇంటికి వచ్చేది తినడానికి, పడుకోవడానికే. మొన్నటి గొడవకు విత్తనం పడ్డది సరిగ్గా ఆ వారంలోనే.

ఇంట్లో ఆయన పాలన వేరు. ప్రతి స్విచ్చు బోర్డు మీదా ఒక స్టిక్కరు. ఫ్యాను స్విచ్చు పక్కన ‘గదిలో మనిషి ఉన్నాడా?’, ఏసీ దగ్గర ‘26, పైన ఫ్యాను’, ఫ్రిజ్ తలుపు మీద ‘ఏం కావాలో అనుకున్నాకే తెరువు’. గీజర్ స్విచ్చు మీద అన్నిటికన్నా పెద్దది: ‘పని అయ్యిందా? ఆపినవా?’ ఇంకొకటి ఆయన నోటికి అంటిస్తే ఎలా ఉంటుందా అని భార్య అప్పుడప్పుడూ ఆలోచిస్తుందట. ఆ ఆలోచనలో తప్పేమీ లేదు.

ఈ ఇంటి బిల్లు 170 యూనిట్ల చుట్టూ తిరుగుతుంది. అది ఆయన పరువు. సంక్రాంతి పిండివంటలు డబ్బాల్లో ఇంకా అడుగంటకముందే, బిల్లు కొట్టే అబ్బాయి వచ్చి చీటీ చేతిలో పెట్టాడు. 238 యూనిట్లు.

ముందు తప్పు అబ్బాయిదనుకున్నారు. రీడింగు సరిచూశారు, సరిపోయింది. రోజులు లెక్కపెట్టారు, ముప్పయ్యే. ఇక కాగితం మీద కూర్చున్నారు. తెలంగాణలో 2022లో పెరిగిన రేట్ల లెక్క ఆయనకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. నెలకు వంద దాటి 200 దాటనివాళ్లకు మొదటి వందకు యూనిట్‌కు 3.40, రెండో వందకు 4.80. దాటారా, ఆ మొదటి రెండొందలకూ రేటు 5.10 అయిపోతుంది, పైవాటికి 7.70. అంటే 200 యూనిట్లకు 820 రూపాయలు, 201కి 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండొందల చిల్లర! క్లాసులో ఈ లెక్క చెప్పి ఆడవాళ్ల చేత “అయ్యో” అనిపించడం ఆయనకు మహా సరదా. ఇప్పుడు ఆ అయ్యో తన నోట్లోంచే వచ్చింది. 170 యూనిట్లకు కట్టేది 676. ఈ 238కి 1,312 రూపాయల 60 పైసలు. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ వేరే. యూనిట్లు పెరిగింది నలభై శాతమైతే, డబ్బు పెరిగింది రెట్టింపుకు దగ్గర దగ్గర.

విచారణ మొదలైంది. తొలి ముద్దాయి ఫ్రిజ్. తలుపు సందులో పదిరూపాయల నోటు పెట్టి మూసి లాగారు. రబ్బరు వదులైతే నోటు జారి వచ్చేస్తుంది. రాలేదు. రెండో ముద్దాయి కొడుకు. సెల్‌ఫోన్ చార్జరు ప్లగ్గులోనే ఉంచుతాడని.

“నాన్నా, ఖాళీ చార్జరు అర వాటు కూడా తినదని నువ్వే చెప్పినవ్. నెలంతా పెట్టినా యూనిట్‌ల మూడో వంతు.”

సార్ మాట్లాడలేదు. మూడో ముద్దాయి మిక్సీ.

“ఏడొందల యాభై వాట్లు, రోజుకు పది నిమిషాలు,” అంది భార్య, చట్నీ గిన్నె ఆయన ముందు పెడుతూ. “నెలకు నాలుగు యూనిట్లు కూడా కాదు. ఇగ రోట్ల రుబ్బమంటరా ఏంది?”

ఇంట్లోవాళ్లకు పాఠం బాగా చెప్పడం కూడా ఒక్కోసారి ప్రమాదమే.

ఇలా కాదని ఆ రాత్రి మీటరు పరీక్షకు దిగారు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర లైటు మిణుకుమంటుంటుంది. వీళ్ల మీటరు పలక మీద 3200 అని రాసి ఉంది. అంటే ఆ లైటు 3200 సార్లు మిణుకుమంటే ఒక యూనిట్ అయినట్టు. ఇంట్లో అన్నీ ఆపి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకి, మెయిన్ మాత్రం ఆన్‌లో ఉంచి చూడాలి. అప్పుడు కూడా మిణుకుమన్నదంటే ఎక్కడో ఏదో తింటున్నట్టే. సార్ టార్చిలైటు వేసుకుని, దోమలు కుడుతున్నా కదలకుండా అయిదు నిమిషాలు చూశారు. ఒక్కసారీ మిణుకుమనలేదు. “ఇల్లు మంచిదే, మనుషులే మంచిగ లేరు” అని తేల్చి, మర్నాటి నుంచి ఇస్త్రీ వారానికి ఒక్కరోజే అని ఆర్డరు వేశారు.

ఆ అయిదు నిమిషాల దగ్గరే సార్ దెబ్బతిన్నారు. కొన్ని దొంగలు ఎప్పుడూ తినవు, గంటన్నరకోసారి నాలుగు నిమిషాలు తిని పడుకుంటాయి. అలాంటివాటికి కనీసం రెండు మూడు గంటలు కాపలా కాయాలి. లేదంటే రాత్రి పడుకునే ముందు అన్నీ ఆపి రీడింగు రాసిపెట్టి, పొద్దున లేవగానే మళ్లీ చూడాలి.

తర్వాతి ఆదివారం కాలనీ మహిళా సంఘం క్లాసు. సెల్లారులో ఎవరో పెళ్లి సామాను పెట్టడంతో చోటు దొరక్క, “మా ఇంటికే రాండ్రి, ఆదర్శ గృహం చూపిస్తా” అన్నారు సార్. పదిమంది వచ్చారు. చాయ్ అయ్యాక అందరినీ మీటరు ముందు నిలబెట్టి, లోపలికి వెళ్లి అన్నీ ఆపి వచ్చారు. సెట్‌టాప్ బాక్సు, ఫ్రిజ్, ఏదీ వదల్లేదు. వెనక బాత్రూం దాకా కూడా వెళ్లారు. గీజర్ స్విచ్చు మీద తన స్టిక్కరు కనిపించింది, ఎర్ర లైటు కనిపించలేదు. తృప్తిగా తిరిగి వచ్చారు.

“ఇప్పుడు చూడుండ్రమ్మా. ఈ లైటు మిణుకుమనది.”

మిణుకుమన్నది. ఒకసారి కాదు. కన్ను అదిరినట్టు టకటకా మొదలుపెట్టింది.

సార్ ముఖం చూసి కొందరు పక్కకు తిరిగారు. ముందు వరుసలో కుట్టుమిషను నడుపుకునే అమ్మాయి మాత్రం సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టింది. క్రితం క్లాసులో లెక్క రాసుకున్న పుస్తకం తీసింది. “సార్, పది సెకన్లకు పద్దెనిమిది సార్లు కొట్టింది. గంటకు 6480. దాన్ని 3200తో భాగిస్తే రెండు యూనిట్లు. అంటే రెండు వేల వాట్లు.” ఒక్క క్షణం ఆగి, “రెండు వేల వాట్లంటే గీజరే గద సార్?”

ఆదర్శ గృహం మొత్తం వెనక బాత్రూంకు నడిచింది.

కొడుకు స్టిక్కరు గోటితో గీకాడు. దాని కింద స్విచ్చు ఇండికేటరు ఎర్రగా, నిగనిగలాడుతూ వెలుగుతోంది. ‘ఆపినవా?’ అన్న మాట దాని నెత్తిమీదే కూర్చుని ఉంది. గీజర్ మీదుండే లైటు రెండేళ్ల కిందే పోయింది. డిసెంబరులో చుట్టాలొచ్చినప్పుడు ఎవరో వేశారు, ఎర్ర లైటు కనిపించలేదు కాబట్టి ఆఫే అనుకుని వదిలేశారు.

గీజర్ ఊరికే ఆన్‌లో ఉంటే అంత తినదు. నీళ్లు కాగగానే థర్మోస్టాట్ కట్ చేస్తుంది, ఒంటి వేడి పోగొట్టుకున్నందుకు ఆ పాత పదిహేను లీటర్లది రోజుకు అర యూనిట్ లాగేదేమో. అసలు దొంగ కింద ఉంది. వేడినీళ్ల నల్లా. బోరునీళ్ల ఉప్పు, పైన వేడి కలిసి లోపలి వాషర్‌ను కొరికేశాయి, దారం పోగులా సన్నటి ధార బకెట్లోకి జారుతోంది. గ్లాసు పెట్టి కొలిచారు: పది నిమిషాలకు 300 మిల్లీలీటర్లు. రోజుకు 43 లీటర్లు. పోయిన ప్రతి చుక్క స్థానంలోకి పాతిక డిగ్రీల చన్నీళ్లు వస్తాయి, వాటిని అరవైకి కాచాలి. అది రోజుకు యూనిట్ ముప్పావు. దానికి ఆ అర యూనిట్ కలిపి, ముప్పయి రోజులు. బిల్లులో పెరిగిన అరవై ఎనిమిది యూనిట్లకు అర యూనిట్ ఇటు.

లెక్క కలిసింది. కలిసినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియక సార్ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

మరమ్మతు అరగంట పని. ముందు గీజర్‌కు కరెంటు తెంచే ఎంసీబీ స్విచ్చు దించాలి. గోడలోంచి నల్లాకు పోయే వేడినీళ్ల లైను వాల్వు కట్టాలి, లేకపోతే పానా తిప్పగానే ముఖం మీద అరవై డిగ్రీల అభిషేకం. నల్లా తల విప్పి, స్పిండిల్ తీసి, పాత వాషర్ పట్టుకుని షాపుకెళ్లి అదే సైజు తేవాలి. కంటి అంచనాతో తెస్తే రెండోసారి వెళ్లాల్సిందే. సార్ రెండుసార్లే వెళ్లారు. థర్మోస్టాట్ అరవై నుంచి యాభైకి తగ్గించారు. కొత్త స్టిక్కరు మాత్రం ఎవరూ అంటించనివ్వలేదు.

మర్నాడు పొద్దున్నే వెనక నుంచి సార్ వాళ్లమ్మ కేక వేసింది.

“ఏమైందిరా కొడుకా? బకెట్ల నీళ్లు సల్లగ అయినయి! నెల దినాలసంది ఏ యాళ్ల కాళ్లు కడుక్కున్నా గోరువెచ్చగ ఉంటుండె. మోకాళ్లకు ఎంత సుఖమైతుండెనో. నువ్వేదో కొత్త మిషను పెట్టించినవ్ అనుకున్న.”

“మిషను కాదమ్మా, లీకు. దాంతోటి ఆరొందల ముప్పై ఆరు రూపాయలు ఎక్కువ పడ్డయి.”

ఆమె చెంబు పక్కన పెట్టి లెక్క వేసుకుంది.

“నెలంతకు ఆరొందలేనా? అగ్గువనే గదరా!”