కారుకు 5 శాతం, యాప్‌లో నొక్కే మీటకు 18 శాతం

ఎలక్ట్రిక్ కార్లు కొనండి, పన్ను తక్కువేస్తామని చెప్పింది ప్రభుత్వమే. 2019 ఆగస్టు 1 నుంచి వాటిపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి దించింది. 2025 సెప్టెంబరు 22న శ్లాబులన్నీ మారినా ఆ 5 శాతం జోలికి ఎవరూ వెళ్లలేదు. ఆ భరోసాతోనే విశాఖలో స్టీల్‌ప్లాంటు, నేవీ, ఫార్మా ఉద్యోగులు ఈఎంఐ లెక్కలు వేసుకుని బుకింగ్ అమౌంట్ కడుతున్నారు. షోరూంలో చేతికిచ్చే కొటేషన్‌లో ఎక్స్‌షోరూం ధర, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్, ఎక్స్‌టెండెడ్ వారంటీ వరసగా ఉంటాయి. కారు ఇంటికొచ్చాక సాఫ్ట్‌వేర్‌కు ఎంత కట్టాలో, దానిమీద పన్నెంతో అడిగితే తప్ప ఎవరూ చెప్పరు.

ఇది డబ్బున్నవాళ్ల గొడవలే అని కొట్టిపారేయడానికి లేదు. కార్లలో సరంజామా అంతా ఫ్యాక్టరీలోనే బిగించేసి, వాడుకోవాలంటే తర్వాత డబ్బు కట్టమనే పద్ధతి పెరుగుతోంది. అమెరికాలో మెర్సిడెస్ 2022లో కొన్ని ఎలక్ట్రిక్ కార్లకు పికప్ పెంచుతామంటూ ఏడాదికి 1,200 డాలర్లు ధర పెట్టింది. మోటారు మాత్రం పాతదే. టెస్లా అయితే ఒకప్పుడు 75 యూనిట్ల బ్యాటరీ పెట్టి, 60 యూనిట్లకే పనిచేసేలా సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి అమ్మింది. 2017 సెప్టెంబరులో ఇర్మా తుపాను ఫ్లోరిడా మీదికి వస్తుంటే, జనం దూరంగా వెళ్లిపోయేందుకు ఆ తాళాన్ని కొద్ది రోజుల పాటు కంపెనీ ఆఫీసు నుంచే తీసింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక కరెంటు లేకుండా రోజులు లెక్కపెట్టిన ఊరు మనది. సొంత బండిలో ఉన్న ఛార్జి మనకు అందకపోవడమంటే ఏమిటో విశాఖకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇక పన్ను సంగతి. టాప్ ఎండ్ వేరియంట్ కొంటే అందులోని ఫీచర్ల ధర కారు ధరలోనే కలిసిపోతుంది కనుక మొత్తం మీద 5 శాతమే. అదే ఫీచర్‌ను ఆరు నెలలాగి యాప్‌లో కొంటే అది సర్వీసు కిందికి వెళ్లిపోతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం రెండో షెడ్యూలు సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్‌ను సేవగానే చూస్తుంది; దానికి రేటు 18 శాతం. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కుతుంటే ఛార్జి ఎంత వేగంగా దిగిపోతుందో చూసినవారు, ఒక్క ఛార్జికి వెళ్లే దూరం (రేంజ్) ఇంకాస్త పెరగడం కోసం 50 వేల అప్‌గ్రేడ్ కొన్నారనుకుందాం. కారుతో పాటే కొని ఉంటే పన్ను 2,500. తర్వాత కొన్నందుకు 9,000. బ్యాటరీ అదే, రోడ్డూ అదే.

మాకు ఇంతకన్నా అన్యాయంగా కనిపిస్తున్నది మరొకటుంది. పెద్ద పెట్రోలు, డీజిలు కార్ల మీద జీఎస్టీ 40 శాతం. వాటికి తర్వాత కొనే సాఫ్ట్‌వేర్‌కూ 18 శాతమే. అంటే కారునూ సాఫ్ట్‌వేర్‌నూ విడదీసిన చోట పొగ వదిలే కారుకు భారం తగ్గుతోంది, పొగ లేని కారుకు పెరుగుతోంది. 5 శాతం రేటు పెట్టిన ఉద్దేశానికి ఇది పూర్తిగా ఎదురు.

సాఫ్ట్‌వేర్‌కు రాయితీ ఇస్తే కంపెనీలు బిల్లులతో ఆటలాడతాయన్న భయం ఉంది. అది ఉత్త అనుమానమేమీ కాదు. ఎలక్ట్రిక్ బండ్లకు కేంద్రం ఇచ్చిన ఫేమ్-2 సబ్సిడీకి ఫ్యాక్టరీ ధర లక్షన్నర దాటకూడదన్న షరతు ఉన్నప్పుడు కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్ కంపెనీలు ఛార్జర్‌ను విడిగా బిల్లు వేశాయి. 2023లో ప్రభుత్వం గట్టిగా పట్టుకున్నాక కొనుగోలుదారులకు ఆ డబ్బు తిరిగిచ్చాయి. కాబట్టి గీత స్పష్టంగా గీయాలి. ఆ కారులో ఇప్పటికే ఉన్న బ్యాటరీనో, మోటారునో, కెమెరానో పనిచేయించే అప్‌గ్రేడ్‌కు కారు రేటే వేయాలి. పాటలు, ఇంటర్నెట్ ప్యాకులు 18లోనే ఉండనివ్వండి, మాకు అభ్యంతరం లేదు. ఇలాంటి చిక్కు తీర్చడం జీఎస్టీ కౌన్సిల్‌కు కొత్త కాదు. బ్యాటరీ లేకుండా అమ్మినా ఎలక్ట్రిక్ వాహనానికి 5 శాతమే అని 2022లో తేల్చింది. కౌన్సిల్ ఓట్ల బలంలో మూడింట రెండొంతులు రాష్ట్రాలదే. ఆంధ్రప్రదేశ్ తరఫున అందులో కూర్చునే ఆర్థిక మంత్రి పయ్యావుల కేశవ్ దీన్ని అజెండాలో పెట్టించాలి.

అంతవరకు కొనేవాళ్లను చీకట్లో ఉంచడం తగదు. డబ్బు కట్టి తెరిపించుకున్న ఫీచర్ కారు అమ్మేస్తే కొత్త యజమానికి వస్తుందా, కంపెనీ వెనక్కి తీసుకుంటుందా? నెలనెలా కట్టాలా, ఒక్కసారి కడితే సరిపోతుందా? పన్నుతో కలిపి ఎంత? బుకింగ్ అమౌంట్ తీసుకోవడానికి ముందే ఇవన్నీ కొటేషన్ మీద తెలుగులో రాసివ్వాలి. ఇందుకు ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. డీలర్లకు వ్యాపారానికి కావాల్సిన ట్రేడ్ సర్టిఫికెట్ ఇచ్చేది రాష్ట్ర రవాణా శాఖే. నగరంలోని షోరూంల వాళ్లను పిలిపించి ఈ నెలలోనే ఆ మాట చెప్పాలని కోరుతున్నాం.