దాక్కున్నామో లేదో డీఎమ్మే చెప్పాలి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసి, డైస్ వేస్తూ ఆడే కథల ఆట. కథ నడిపేదీ తీర్పు చెప్పేదీ డీఎం, అంటే డంజియన్ మాస్టర్. దాని రూల్స్ పుస్తకం, కొత్త ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 2024 సెప్టెంబర్‌లో వచ్చింది. అప్పటి నుంచి ఆడేవాళ్ల మధ్య తెగని పంచాయితీ ఒకటుంది. రోగ్, అంటే దొంగ తరహా పాత్ర, స్తంభం వెనక నక్కాడు. దాక్కోగలిగాడో లేదో తేల్చడానికి డైస్ వేసే స్టెల్త్ చెక్‌లో 17 పడింది. ఇప్పుడు వాడు దీపాలు వెలుగుతున్న హాల్లో కాపలావాళ్ల ముందు నుంచే నడుచుకుంటూ వెళ్లిపోవచ్చా? వెళ్లొచ్చని ఒక వర్గం, అదెలా కుదురుతుందని ఇంకో వర్గం. ఇద్దరూ చూపించేది అదే పేజీ. నన్నడిగితే ఆ ప్రశ్నకి జవాబు పుస్తకంలో లేదు, ఉండకూడదు కూడా.

రూల్ ఏమిటో క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. శత్రువుల చూపుకి అందకుండా, చిక్కటి చీకట్లోనో కనీసం ముప్పావు వంతు ఒంటిని కప్పే చాటు వెనకో ఉండి స్టెల్త్‌లో 15 గానీ అంతకు మించి గానీ తెచ్చుకుంటే ‘ఇన్విజిబుల్’ కండిషన్, అంటే కనబడని స్థితి, వచ్చేస్తుంది. గుసగుస కంటే పెద్ద చప్పుడు చేసినా, దాడికి డైస్ వేసినా, నోటితో పలికే మంత్రం వేసినా, శత్రువు కనిపెట్టినా అది పోతుంది. 2014 పుస్తకంలో ఈ 15 గానీ, ఈ కండిషన్ రావడం గానీ లేదు. నీ స్టెల్త్‌కీ వాడి పర్సెప్షన్‌కీ, అంటే కనిపెట్టే శక్తికీ, పోటీ అని చెప్పి, దాక్కోవడానికి పరిస్థితి అనుకూలమో కాదో డీఎం తేలుస్తాడని తర్వాత సవరణలో ఒక వాక్యం చేర్చి ఊరుకున్నారు. చాలామంది తిట్టుకున్న వాక్యం అది. దాక్కోవడం గురించి ఈ ఆటలో ఇన్నేళ్లలో రాసిన వాటిలో అంతకంటే తెలివైన వాక్యం నాకు కనిపించలేదు.

ఎందుకంటే ఒంటికి విషం ఎక్కిందా, కింద పడ్డావా అన్నవి నీ ఒంటికి సంబంధించిన సంగతులు, వాటిని కండిషన్ అని పాత్ర వివరాలుండే షీట్ మీద రాసుకోవచ్చు. దాక్కోవడం అలాంటిది కాదు, అది ఎదుటివాడి బుర్రలో ఉంటుంది. నేనిక్కడున్నానని గుమ్మం దగ్గరున్న కాపలావాడికి తెలుసా, పక్కనున్న కుక్కకి తెలుసా, మేడ మీద విల్లు పట్టుకున్నవాడికి తెలుసా? మూడింటికీ మూడు వేరు వేరు జవాబులు ఉండొచ్చు, అవి నిమిష నిమిషానికీ మారొచ్చు కూడా. కొత్త రూల్ ఈ మూడింటినీ కలిపి ఒకే ముద్ద చేసి నా షీట్ మీద పడేసింది. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి తననెవరూ చూడట్లేదనుకున్నట్టే ఉంది వ్యవహారం. పైగా శత్రువు కనిపెడితే పోతుందన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు చదివితే మేడ మీదివాడు ఒక్కడు కనిపెడితే చాలు, వాడు నోరు విప్పకపోయినా, గుమ్మం దగ్గర అటు తిరిగి నిలబడ్డవాడికి కూడా నేను దాక్కున్నవాడిని కాకుండా పోతాను.

లెక్కలు చూస్తే ఇంకా చిరాకేస్తుంది. కునికిపాట్లు పడుతున్న కాపలావాడి ముందు నాకు 14 పడిందనుకోండి. పాత పద్ధతిలో వాడి పాసివ్ పర్సెప్షన్, అంటే డైస్ వేయకుండానే లెక్కేసే కనిపెట్టే శక్తి, మామూలుగా 12, నిద్రమత్తు అని డీఎం డిజడ్వాంటేజ్ (ప్రతికూలత) ఇస్తే 7కి దిగుతుంది, నేను హాయిగా దాటిపోతాను. కొత్త పద్ధతిలో 14 అంటే ఫెయిలే, ఎదురుగా ఎవరున్నారన్నది లెక్కలోకే రాదు. ఇక రెండో వైపు చూడండి. ఏడో లెవెల్ రోగ్‌కి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) 18, స్టెల్త్‌లో ఎక్స్‌పర్టైజ్ (రెట్టింపు నైపుణ్యం) ఉంటే డైస్ మీద పడ్డదానికి కలిపేది మొత్తం +10. ఆ లెవెల్‌కే రిలయబుల్ టాలెంట్ అనే సామర్థ్యం వస్తుంది కాబట్టి డైస్ మీద ఎంత తక్కువ పడినా 10 పడినట్టే లెక్క. అంటే వాడికి 20కి తక్కువ రావడమన్నది లేదు. ఎన్నడూ ఫెయిల్ కాని పరీక్షకి 15 అనే గీత ఎందుకు గీశారో వాళ్లకే తెలియాలి.

నిజానికి ఈ ఆటలో దాక్కోవడాన్ని అంకెల్లో పెట్టాలని చూసిన ప్రతిసారీ ఇలాంటి తేడాయే వచ్చింది. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో మొదటి లెవెల్ దొంగకి నీడల్లో దాక్కునే అవకాశం 10 శాతం! పదిసార్లకి ఒక్కసారి. అంత అధ్వానంగా ఉండబట్టే అప్పటి డీఎంలలో కొందరు దానికి వేరే అర్థం చెప్పుకున్నారు. పెట్టె వెనకో తలుపు వెనకో ఎవరైనా దాక్కోవచ్చు, దానికి డైస్ అక్కర్లేదు, ఏ చాటూ లేని చోట ఉత్త నీడలో కలిసిపోవడానికి మాత్రమే ఆ 10 శాతం అని. మంచి తీర్పు. పుస్తకం ఇవ్వనిది మనిషి ఇచ్చాడు.

రూల్స్‌తోనే సరిగ్గా చెయ్యాలంటే ఎంత శ్రమో, ఇలాంటిదే ఇంకో ఆట పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ చూస్తే తెలుస్తుంది. అక్కడ కనీసం నిజాయితీ ఉంది. నువ్వు కనిపిస్తున్నావా, ఎక్కడున్నావో తెలిసి కూడా కనిపించట్లేదా, ఎక్కడున్నావో కూడా తెలియదా, అసలు ఉన్నావనే తెలియదా అని నాలుగు మెట్లు పెట్టారు, అదీ ఒక్కో శత్రువుకి విడివిడిగా. డైస్ కూడా డీఎం చాటుగా వేస్తాడు, నీకెంత పడిందో నీకు తెలియదు. సిద్ధాంతపరంగా ఇది కరెక్టే. కానీ నలుగురు ఆటగాళ్లు, ఆరుగురు గాబ్లిన్‌లు ఉంటే 24 జతలు, ఎవరికి ఎవరు ఏ మెట్టు మీదున్నారో రాత్రి పదకొండున్నరకి గుర్తుపెట్టుకోండి చూద్దాం. నేనైతే డీఎం మాట నమ్మేస్తాను.

అవతలివాళ్ల వాదనలో పస లేదనను. కన్వెన్షన్లలో, ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియని డీఎం దగ్గర కూర్చున్నప్పుడు ఒక హామీ కావాలి. దాక్కోవడం మీదే బతికే రోగ్‌ని ‘నీ వంక చూస్తున్నారు, కుదరదు’ అని ప్రతి టర్న్‌లోనూ ఆపేసే పిసినారి డీఎంలు ఉంటారు, వాళ్ల చేతిలో ఆ పాత్ర రకమే చచ్చిపోతుంది. సరే. కానీ 15 వాళ్లని మార్చిందా? ‘శత్రువు కనిపెడితే’ అన్నదానికి అర్థం చెప్పేది ఆ డీఎమ్మే కదా. అతని విచక్షణ ఎక్కడికీ పోలేదు, తలుపు దగ్గర నుంచి తీసి పరుపు కింద పెట్టారంతే.

అసలు ఈ ఆటలకి రిఫరీ ఎందుకు వచ్చాడో మర్చిపోయాం. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్జ్ అనే యువ అధికారి క్రీగ్‌స్పీల్ అనే యుద్ధ క్రీడ రూల్స్ అచ్చు వేయించాడు. రెండు జట్లకీ ఎదుటి సైన్యం ఎక్కడుందో పూర్తిగా తెలియకూడదు. ఆజ్ఞలు కాగితం మీద రాసి అంపైర్‌కి ఇవ్వాలి, ఎవరికి ఎంత కనిపిస్తుందో అంతే ఆయన చూపిస్తాడు. మధ్యలో అంతా తెలిసిన ఒక మనిషి ఉండాల్సి రావడానికి పెద్ద కారణం ఇదే, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకుండా చూడటం. తర్వాత ఆ రూల్స్, పట్టికలు పెరిగి పెరిగి ఆట నత్తనడక నడిచింది. విసిగిపోయిన ప్రష్యా సైన్యాధికారి వెర్డీ దు వెర్న్వా 1876లో పట్టికలూ పాచికలూ పక్కన పెట్టి అనుభవం ఉన్న అంపైర్ తీర్పుకే వదిలేద్దామన్నాడు. అమెరికాలో టాటెన్ అనే సైన్యాధికారి 1880లో రాసిన యుద్ధ క్రీడ పుస్తకం ఒకటి మినెసోటా కుర్రాడు డేవిడ్ వెజ్లీ చేతికి చిక్కింది, దాని ప్రభావంతో 1969లో అతను బ్రౌన్‌స్టైన్ అనే ఆట ఆడించాడు, అందులో ఆడిన డేవ్ ఆర్నెసన్ బ్లాక్‌మూర్ అనే తన ఆట మొదలుపెట్టాడు, దాన్నుంచే 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. ఏం ప్రయత్నించినా సరే, కుదురుతుందో లేదో చెప్పే మనిషి ఒకడుంటాడన్నది ఈ వంశపు ఆస్తి. దాన్ని 15కి అమ్ముకున్నాం.

దీనికి నేను తప్పుపట్టేది రచయితల్ని కాదు, తెరల్ని. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 అనే వీడియో గేమ్‌లో నక్కి నడుస్తుంటే శత్రువు చూపు ఎంతవరకో నేల మీద ఎర్రగా కనిపిస్తుంది. అడుగు ఎర్రట్లో పడకపోతే చాలు. కంప్యూటర్‌కి ఇంకో దారి లేదు, దానికి విచక్షణ లేదు కాబట్టి గీత గీయాల్సిందే, అది దాని తప్పు కాదు. కానీ ఆ గేమ్‌తో అలవాటుపడ్డ చాలామంది టేబుల్ దగ్గరకొచ్చి ఇక్కడ కూడా గీత ఎక్కడుందని అడుగుతున్నారు, పుస్తకం కూడా సాఫ్ట్‌వేర్ టిక్ పెట్టుకోవడానికి వీలైన జవాబే ఇస్తోంది. కండిషన్ ఉందా, లేదా. బయట కూడా ఇదే జబ్బు. బుర్ర ఉపయోగించాల్సిన ప్రతి చోటా ఫారం పెట్టి, గడి నిండిందా లేదా అని చూసే మనుషుల్ని కూర్చోబెడుతున్నాం. ఎదురుగా ఉన్న కేసు ఎంత వింతదైనా ‘సిస్టమ్ తీసుకోవట్లేదండీ’ అంటారు.

టేబుల్ దగ్గర చెయ్యాల్సింది పెద్ద పనేం కాదు. ఆటగాడు ‘దాక్కుంటాను’ అనగానే డైస్ వేయించకండి. ఎక్కడ, ఎవరి నుంచి, ఎక్కడికెళ్దామని అని అడగండి. కాపలావాడు అటు తిరిగి బీడీ ముట్టించుకుంటుంటే డైసే అక్కర్లేదు, వెళ్లనివ్వండి. వాడు తల తిప్పే అవకాశం వచ్చిన ఆ క్షణంలో వేయించండి, దొరికితే ఎవరికి దొరికినట్టో, వాడేం చేస్తాడో చెప్పండి. వెలుతురున్న హాల్లో నడుస్తానంటే కనిపిస్తావని డైస్ వేయకముందే చెప్పేయండి, వేశాక చెబితే గొడవే. కొత్త రూల్‌లో గుసగుస గురించిన ముక్క, దాడి చేస్తే బయటపడతావన్న ముక్క బాగున్నాయి, అవి ఉంచుకోండి. 15ని మాత్రం పెన్ను తీసుకుని కొట్టేయండి.