ఫీజు నాది, రిపోర్టు మాత్రం నాకు చూపించరట

ఇప్పుడే బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. కోపంతో చేతులు ఇంకా వణుకుతున్నాయి.

బెంగళూరు హూడీలో ఒక రీసేల్ ఫ్లాట్ 92 లక్షలకు మాట్లాడుకున్నాం. 5 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. ఈరోజు బ్యాంకు వాళ్ళు ఏమన్నారంటే, లోన్ ఇచ్చే ముందు వాళ్ళు ఇంటికి విలువ కట్టించే వాల్యుయేషన్‌లో 80 లక్షలే వచ్చిందట. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు లోన్‌కి ఇంటి విలువలో 80 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అంటే మాకు 73 లక్షల 60 వేలు రావాల్సింది 64 లక్షల దగ్గర ఆగిపోయింది. 9 లక్షల 60 వేలు రాత్రికి రాత్రి ఎక్కడి నుంచి తేవాలి? స్టాంపు డ్యూటీ లెక్క వేరే. కర్ణాటకలో రిజిస్ట్రేషన్ ఫీజు కూడా 2025 ఆగస్టు చివర్లో 1 శాతం నుంచి 2 శాతం చేశారు. అదొక్కటే అదనంగా 92 వేలు.

సరే, విలువ నిజంగా 80 లక్షలే అయితే నాకు చెప్పండి, బేరమాడుకుంటా. అసలు ఆ అంకె ఎలా వచ్చిందో చూపించమని అడిగాను. "అది ఇంటర్నల్ డాక్యుమెంట్ మేడమ్, కస్టమర్‌కి ఇవ్వం" అన్నారు. ఆ వాల్యుయేషన్‌కి ఫీజు కట్టింది నేను. రసీదు నా ఫోన్‌లో ఉంది. డబ్బు నాది, అప్పు నాది, ఇరవై ఏళ్ళు ఈఎంఐ కట్టేది నేను. నేను కొనే ఇంటి గురించి నా డబ్బుతో రాయించిన కాగితం నేను చదవకూడదా?

వాల్యుయేషన్ రోజు నేను అక్కడే ఉన్నాను. విలువ కట్టడానికి వచ్చిన అబ్బాయి ఇంట్లో ఉన్నది పది నిమిషాలు కూడా లేదు. హాల్లో నిలబడి నాలుగు ఫోటోలు, గుమ్మం ముందు ఒక సెల్ఫీ. లోపలి గదులకు టేపు పట్టలేదు. ఇల్లు అమ్ముతున్న ఆంటీది ప్రొద్దుటూరు. "ఏం నాయనా, వంటిల్లు చూడవా? పోయినేడాదే పైపులన్నీ మార్పించినాం" అని ఆవిడ తలుపు తీసి నిలబడింది. అతను తల కూడా తిప్పలేదు. కిందికి దిగాక వాచ్‌మన్‌ని అడిగాడు, "ఇక్కడ స్క్వేర్ ఫీట్ ఎంత పోతోంది అన్నా?" అని. నా చెవులతో విన్నాను. వాచ్‌మన్ చెప్పిన రేటు మీద నా ఇల్లు ఆధారపడి ఉందన్నమాట.

పైగా బ్యాంకు ఆయన "గైడెన్స్ వాల్యూ కూడా తక్కువే ఉంది కదా" అంటాడు. గైడెన్స్ వాల్యూ అంటే స్టాంపు డ్యూటీ కోసం ప్రభుత్వం పెట్టుకున్న కనీస రేటు. మన ఊళ్ళలో రిజిస్ట్రార్ ఆఫీసు రేటునే మార్కెట్ వాల్యూ అంటాం కాబట్టి మనవాళ్ళు చాలామంది ఈ మాటకు తలూపి వచ్చేస్తారు. తలూపకండి.

ఇంతకన్నా మండిపోయే విషయం ఇంకొకటుంది. బ్రోకర్‌కి ఫోన్ చేస్తే, "టెన్షన్ పడకండి మేడమ్, ఎంత కావాలంటే అంత రాయిస్తా, కొంచెం ఖర్చవుతుంది" అన్నాడు. అడిగినవాళ్ళకి అడిగినంత రాసిస్తారంటే ఇక అది విలువ ఎలా అవుతుంది? ఈయన మా దగ్గర 2 శాతం, ఆంటీ దగ్గర 2 శాతం తీసుకుంటున్నాడు. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం, అదే రెరా, 2016లో వచ్చింది. దాని కింద మీ ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ ఏదని అడిగితే ఇప్పటికీ జవాబు లేదు.

2018లో వైట్‌ఫీల్డ్ అవతల కడుతున్న అపార్ట్‌మెంట్‌లో బుక్ చేసినప్పుడు ఈ జాగ్రత్తలన్నీ ఎక్కడికి పోయాయి? అప్పుడూ ఇదే బ్యాంకు. "అప్రూవ్డ్ ప్రాజెక్ట్" అన్నారు, బిల్డర్ చెప్పిన రేటే విలువ అన్నారు, ఒక్క ప్రశ్న లేదు. శ్లాబు పడిందని బిల్డర్ ఉత్తరం రాస్తే చాలు, నా లోన్ డబ్బు వెళ్ళిపోయేది. పని ఎంతవరకు అయిందో దాన్ని బట్టే డబ్బు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2013లోనే చెప్పింది. ఎవరు వెళ్ళి చూశారు? అద్దె ఒక పక్క, ప్రీ-ఈఎంఐ (ఇల్లు పూర్తయ్యేదాకా కట్టే వడ్డీ) ఒక పక్క, నాలుగేళ్ళు కట్టాం. మా అమ్మ పెట్టిన గాజులు అందులోనే పోయాయి. చివరికి బుకింగ్ వదులుకుని బయటపడ్డాం. బిల్డర్ దగ్గర మూసుకున్న కళ్ళు ప్రొద్దుటూరు ఆంటీ ఇంటి దగ్గరే తెరుచుకున్నాయా?

ఆవిడ ఊళ్ళో అద్దె ఇల్లు కూడా చూసుకుంది. సామాను సగం సర్దేసింది. మా అగ్రిమెంట్ గడువు ఇంకా పన్నెండు రోజులుంది.

రేపు పొద్దున పదింటికి బ్యాంకుకి వెళ్తున్నా. రిపోర్టు కాపీ ఇవ్వాలని, ఇంకొక వాల్యుయర్‌తో మళ్ళీ చేయించాలని ఉత్తరం రాశాను, ఫీజు రసీదు జత చేశాను. ఇవ్వం అంటే అదే మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మంటాను. మీలో ఎవరికైనా ఈ రిపోర్టు చేతికొచ్చి ఉంటే, ఏమని అడిగారో, ఎవరిని అడిగారో కామెంట్‌లో రాయండి. ఈ రాత్రికే కావాలి.