సవరణ: ‘అడవి స్నానం’ ప్రాచీన ఆచారం కాదు
జపాన్‌లోని ‘షిన్రిన్ యోకు’ (అడవి స్నానం, అంటే అడవిలో నెమ్మదిగా నడుస్తూ సేదతీరడం) గురించి గతంలో రాస్తూ, అది బౌద్ధ భిక్షువుల నుంచి శతాబ్దాలుగా వస్తున్న ధ్యాన పద్ధతి అని పేర్కొన్నాను. అది నా పొరపాటు. అడవి, స్నానం అనే అర్థాలున్న రెండు మాటలను కలిపి ఆ పేరును 1982లో ప్రచారంలోకి తెచ్చింది ఆ దేశపు అటవీ శాఖ. నగానో ప్రాంతంలోని అకసావా అడవిలో, నిటారుగా పెరిగిన హినోకి (సైప్రస్ జాతి) చెట్ల పరిమళం పీలుస్తూ నెమ్మదిగా నడవడంతో అది మొదలైంది. చెట్లనూ కొండలనూ పూజించడం అక్కడ చాలా పాతదే గనుక రెండింటినీ కలిపేసుకున్నాను.

అప్పుడు దానికి కార్తీక వనభోజనాలతో పెట్టిన పోలిక కూడా అంతగా కుదరలేదు: ఉసిరి చెట్టు కింద విస్తళ్లు వేసుకుని అందరూ కబుర్లాడుతూ భోంచేసే సందడికీ, మాట్లాడకుండా ఆకుల చప్పుడు వింటూ సాగే నడకకూ పొంతన తక్కువ. ఇరుగుపొరుగును దగ్గర చేయడంలో మాత్రం, నా దృష్టిలో, వనభోజనాలదే పైచేయి.