సముద్రం ఒడ్డున మైకు పిన్నుకు ఏ పూత?

కొత్తపట్నం నుంచి మైపాడు దాకా తీరం వెంట మైకు సెట్లు అద్దెకిచ్చేవాళ్లందరిదీ ఒకటే బాధ. ఎండాకాలంలో కొన్న బంగారు పూత పిన్నులు కార్తీకం వానలు దాటేసరికి గరగరమంటాయి. విప్పి చూస్తే పసుపు మెరుపు మీద పచ్చటి చుక్కలు. అది చిలుము. బంగారానికి చిలుము పట్టదు, ఆ చిలుము కిందున్న ఇత్తడిది.

దుకాణాల్లో చెప్పే మాటను ముందు సరిదిద్దుకోవాలి. బంగారం రాగి కన్నా బాగా కరెంటు పంపుతుందనడం తప్పు. వెండి ముందు, తర్వాత రాగి, ఆ తర్వాతే బంగారం. అసలు పిన్ను దగ్గర ఈ వరుసతో పనే లేదు. 4 మి.మీ. లావు, 2 సెం.మీ. పొడవున్న ఇత్తడి పిన్ను నిరోధం దాదాపు 0.1 మిల్లీఓమ్. దాని వెనకున్న 10 మీటర్ల 2.5 చదరపు మి.మీ. రాగి కేబుల్‌ది రానూపోనూ 130 మిల్లీఓమ్‌ల పైమాటే. చిక్కంతా రెండు లోహాలు తాకేచోట పేరుకునే పొరతోనే. బంగారం మీద ఆ పొర పట్టదు, దాని గొప్ప అంతవరకే.

ఆ గొప్ప కూడా మందాన్ని బట్టే. చవక పిన్నుల మీద పూత చాలాసార్లు 0.1 మైక్రాన్ కూడా ఉండదు (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు). అంత పలచటి పూతలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. ఉప్పు తేమ వాటిలోకి దిగిందంటే బంగారం, ఇత్తడి కలిసి చిన్న బ్యాటరీ అయిపోతాయి, అందులో తినేయబడేది ఇత్తడే. అందుకే కనీసం 0.75 మైక్రాన్ల బంగారం, దాని కింద 1.25 మైక్రాన్లకు తగ్గని నికెల్ అడగాలి. తిరునాళ్ల కమిటీలు కొటేషన్‌లో మందం లేకుండా ‘బంగారు పూత’ అని రాయించుకుంటే ఆ మాటకు అర్థమే లేదు.

ఆ ఖర్చు మైకు వైపే పెట్టండి. మైకు సిగ్నల్ కొన్ని మిల్లీవోల్టులే, పలచటి ఆక్సైడ్ పొరను కూడా అది ఛేదించలేదు. స్పీకర్ బాక్సుల వైపు వోల్టులు, ఆంపియర్లు ఎక్కువ కాబట్టి మందమైన నికెల్ పూత, గట్టి స్ప్రింగు చాలు. అక్కడ వదులు ప్రమాదం: 0.1 ఓమ్ నిరోధమున్న అతుకులో, అంటే పిన్ను సాకెట్‌ను తాకేచోట, 10 ఆంపియర్లు పోతే 10 వాట్ల వేడి పుట్టి ప్లాస్టిక్ కరుగుతుంది. వెండీ మంచిదే గానీ, రొయ్యల చెరువుల బురద నుంచి కుళ్లిన గుడ్డు వాసన వచ్చే ఊళ్లలో నల్లబడుతుంది.

బంగారు పిన్నును కళాయి పూసిన సాకెట్‌లో పెట్టడం అన్నిటికన్నా చెడ్డ జత. బాక్సు అదురుకు కళాయి సన్నగా రాసుకుంటూ ఆక్సైడ్ పొడి అవుతుంది, ఆ పొడి బంగారానికి అంటుకుంటుంది. రెండు వైపులా ఒకే పూత ఉండాలి.

ఎమెరీ కాగితంతో రుద్దే అలవాటు మానాలి, రెండు రుద్దులకే పూత పోతుంది. పవర్ ఆపి, నూలుపోగులు రాలని గుడ్డకు 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి, ఆరాకే పెట్టెలో సర్దండి.

బాక్సు పిన్నులను పరీక్షించడం సులువే. పరికరాల నుంచి విడదీసి, 12 వోల్టుల బ్యాటరీ, 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు వరుసలో కలిపితే అతుకు గుండా దాదాపు 4.5 ఆంపియర్లు పోతాయి. అతుకుకు అటూఇటూ మల్టీమీటర్ పెట్టండి. 45 మిల్లీవోల్టులు దాటితే నిరోధం 10 మిల్లీఓమ్‌లు దాటినట్టే. తుడిచినా తగ్గకపోతే పిన్నునూ సాకెట్‌నూ రెండూ మార్చాలి, ఒక్కటే మారిస్తే పాతదాని గరుకు కొత్తదాని పూతను గీకేస్తుంది.