టాక్సిక్ ఆర్బ్ ఇస్తే గ్లైస్కోర్ పడిపోదట!

పోకెమాన్ ఆడేవాళ్ల గ్రూపుల్లో ఈ మధ్య గ్లైస్కోర్ అనే తేలులాంటి పోకెమాన్ మీద ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది. "గ్లైస్కోర్ గురించి మీకు తెలియని నిజాలు" అని హెడ్డింగు, కింద ఏడు పాయింట్లు, చివర్న "పదిమందికీ షేర్ చేయండి". పంపేవాళ్లంతా ఆట బాగా వచ్చినవాళ్లే. చదివే పంపుతున్నారా అన్నదే నా అనుమానం.

"తేలు కాబట్టి పాయిజన్ టైపు." కాదు. గ్రౌండ్, ఫ్లయింగ్. విషపు తేలే కావాలంటే స్కోరుపి, డ్రాపియన్ ఉన్నాయి, అటు వెళ్లండి.

"రేజర్ క్లా ఇచ్చి రాత్రిపూట లెవెల్ పెంచితే గ్లైగర్ గ్లైస్కోర్ అవుతుంది." రేజర్ క్లా స్నీజల్ అనే వేరే పోకెమాన్‌ది. దీనికి రేజర్ ఫాంగ్ కావాలి. 2006లో డైమండ్, పెర్ల్ ఆటలు వచ్చినప్పటి నుంచీ అంతే.

"గోల్డ్, సిల్వర్ రెండింట్లోనూ రూట్ 45లో దొరుకుతుంది." గోల్డ్ ఆటలో గ్లైగర్ దొరుకుతుంది. సిల్వర్‌లో ఆ గడ్డిలో ఎంత తిరిగినా చెప్పులరగడమే.

ఇక నాలుగోది. "ఏ గ్లైస్కోర్‌కైనా టాక్సిక్ ఆర్బ్ ఇవ్వండి, ఇక అది పడిపోదు." టాక్సిక్ ఆర్బ్ అంటే, పట్టుకున్న పోకెమాన్‌కే విషం ఎక్కించే వస్తువు. మా అక్క కొడుకు ఇది నమ్మి, ముచ్చటపడి పెంచుకున్న గ్లైస్కోర్‌కి ఆర్బ్ ఇచ్చాడు. కాసేపటికి ఫోన్. "మామయ్యా, పడిపోదన్నారుగా, ఎవరూ కొట్టకుండానే పడిపోయిందేంటి?" పడిపోదా మరి! వాడి గ్లైస్కోర్‌కి ఉన్న అబిలిటీ, అంటే సహజ శక్తి, శాండ్ వెయిల్. ఆర్బ్ పనిచేసేది విషాన్నే మందుగా మార్చే పాయిజన్ హీల్ అనే హిడెన్ (అరుదైన) అబిలిటీ ఉంటేనే.

లెక్క చూడండి. లెవెల్ 50లో, హెచ్‌పీ (ప్రాణబలం) పూర్తిగా పెంచిన గ్లైస్కోర్‌కి 182 ఉంటుంది. పాయిజన్ హీల్ ఉంటే టర్న్‌కి ఎనిమిదో వంతు, అంటే 22 తిరిగొస్తుంది. తన బదులు దెబ్బలు తినే బొమ్మని నిలబెట్టే సబ్‌స్టిట్యూట్ వేస్తే 45 పోతుంది, ఆ టర్న్‌లో 22, తర్వాత దెబ్బని ఆపే ప్రొటెక్ట్ వేసిన టర్న్‌లో 22, మొత్తం 44 వచ్చేస్తుంది. ఒక్క హెచ్‌పీ తేడా! అవతలివాడికి పిచ్చెక్కడానికి ఇది చాలు. పైగా ఒకసారి విషం ఎక్కాక నిద్ర, పక్షవాతం, కాలడం ఏవీ దాని దగ్గరికి రావు. టర్న్‌కి కొంచెం హెచ్‌పీ నింపే లెఫ్టోవర్స్ అనే వస్తువు ఇచ్చేది ఇందులో సగమే.

శాండ్ వెయిల్ ఉంటేనో? అదే విషం 11, 22, 33, 44, 55 అని పెరుగుతూ తినేస్తుంది. ఐదు దెబ్బలకి మిగిలేది 17. ఆరో దెబ్బకి అయిపోయింది. ప్రత్యర్థికి పని తప్పించిన పుణ్యం మీది. శత్రువుకి కూడా రానంత గొప్ప ఐడియాని సాటి ఆటగాళ్లకి ఉచితంగా పంచుతున్నారు, ధన్యులు! ఆర్బ్ ఇచ్చే ముందు సమ్మరీ స్క్రీన్ తెరిచి అబిలిటీ పేరు చదవడానికి ఎంతసేపు పడుతుంది? పాయిజన్ హీల్ లేకపోతే, హిడెన్ అబిలిటీని తెప్పించే అబిలిటీ ప్యాచ్ వాడాలి, అబిలిటీ క్యాప్సూల్ కాదు. ఇమ్యూనిటీ అనే హిడెన్ అబిలిటీ ఉన్న గ్లైగర్‌ని గ్లైస్కోర్‌గా మార్చినా సరే, పాయిజన్ హీల్ వస్తుంది.

"ఒక్క ఐస్ బీమ్‌కి అయిపోతుంది, కాబట్టి చెత్త." ఐస్ నాలుగు రెట్లు తగులుతుంది, నిజమే. గార్చోంప్‌కీ, డ్రాగోనైట్‌కీ, సాలమెన్స్‌కీ అంతే తగులుతుంది. వాటిని చెత్త అనండి చూద్దాం. గ్లైస్కోర్‌కి ఐస్ కాక ఇబ్బంది పెట్టేది వాటర్ ఒక్కటే. ఎలక్ట్రిక్, గ్రౌండ్ దెబ్బలు అసలు తగలవు. ఐస్ వాడేవాడు ఎదురైతే వెనక్కి పిలవాలి. అది కూడా చెప్పాలా?

"స్వోర్డ్, షీల్డ్‌లో తీసేశారంటే పనికిరాదనేగా." 2019లో ఆ ఆటల్లోకి రానివి వందల్లో ఉన్నాయి. గోల్డ్, సిల్వర్‌లో మొదట ఎంచుకునే జోటో స్టార్టర్లు మూడూ లేవు. గ్లైస్కోర్ 2023లో టీల్ మాస్క్ అనే అదనపు భాగంతో స్కార్లెట్, వయొలెట్ ఆటల్లోకి వచ్చింది కూడా.

చివరిది: "ఫ్లయింగ్ టైపు అంటారు గానీ ఫ్లై నేర్చుకోలేదు." ఇది మాత్రం ఒప్పుకోవాల్సిందే. గోల్డ్‌లో గ్లైగర్‌కి గానీ, డైమండ్‌లో గ్లైస్కోర్‌కి గానీ ఫ్లై నేర్పే హెచ్‌ఎం 02 ఎక్కదు. అది కొండ అంచుకి వేలాడి గాల్లో జారుతూ వేటాడే రకం, మనిషిని మోసుకుపోయేది కాదు అని సర్దిచెప్పొచ్చు. కానీ ఒంటి మీద రెక్కలే లేని డోడ్రియో ఫ్లై నేర్చుకుని ఊళ్లన్నీ తిప్పుతుంటే ఆ వాదన ఎవరు వింటారు?